లిఫ్టు మధ్యలో దేవుడు

ఆగింది. కుదుపు లేదు, చప్పుడు లేదు, పైకి పోతున్న పెట్టె పోవడం మానుకుంది, అంతే. గోడలో తిరిగే చిన్న ఫ్యాను బద్ధకంగా మరో చుట్టు తిరిగి ఊరుకుంది, నెత్తిమీది పెద్ద దీపం పోయి మూలనున్న బుడ్డి దీపం వెలిగింది. ఇవేవీ ఆమె చూడలేదు, ఎందుకంటే అప్పటికే కళ్లు మూసుకుని ఉంది. ఏం చెప్పమంటారు, నలభై దాటిన మనిషి, పళ్ల సెట్లు తయారుచేసే పనిలో ఎన్నో నోళ్ల లోపలి సంగతులు తెలిసిన మనిషి, దేవుడున్నాడా అని ఎవరైనా అడిగితే, ఉంటే దవడను ఇంకాస్త జాగ్రత్తగా చేసి ఉండేవాడని జవాబిచ్చే మనిషి, అయినా సరే ఏ లిఫ్టు ఎక్కినా సగం దూరం వచ్చేసరికి కళ్లు వాటంతటవే మూతపడతాయి, నోట్లో మాట ఉంటే సగంలో తెగిపోతుంది. ఒకసారి బ్యాంకు లిఫ్టులో మేనేజరుతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఇలాగే బిగుసుకుపోతే ఆయన ఆమెకు గుండెపోటు వచ్చిందనుకుని అన్ని మీటలూ నొక్కేశాడు. ఇదంతా నాన్న చేసిన అలవాటు.

నాన్న లిఫ్టు మెకానిక్కు. తీగలకు ఒక కొసన మనుషులెక్కే పెట్టె, రెండో కొసన ఇనుప దిమ్మలు పేర్చిన ఎదురుబరువు, పైన తీగలు తిరిగే పెద్ద చక్రం. పెట్టె పైకి పోతే దిమ్మలు కిందికి, దిమ్మలు పైకి పోతే పెట్టె కిందికి. లిఫ్టెక్కే జనానికి పెట్టె తెలుసు గానీ దిమ్మలున్నాయని కూడా తెలియదు. నాన్నకు రెండూ తెలుసు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఏదో ఒక మధ్యాహ్నం మోటారు గదిలో ఒంటరిగా క్యారేజీ విప్పుకుని తింటూ, తిరిగే చక్రం వంక చూస్తూ ఉంటే ఆయనకు సృష్టి రహస్యం తట్టేసింది. వెలుగూ చీకటీ, వేడీ చలీ, సుఖమూ దుఃఖమూ, పుట్టడమూ పోవడమూ, అన్నీ జంటలే, ప్రతి జంటా ఒకే తీగకు రెండు కొసల వేలాడుతోంది, పైకీ పోకుండా కిందికీ రాకుండా ఉన్నచోటే ఉండి అందర్నీ తిప్పే ఆ చక్రమే దేవుడు. ఇంతవరకైతే పోనీలే అనుకోవచ్చు. సరిగ్గా సగం దూరంలో పెట్టె, దిమ్మలు ఒకదాని పక్కనుంచి ఒకటి జానెడు ఎడంలో దాటిపోతాయి కదా, ఆ లిప్తలో పైనా లేదు, కిందా లేదు, జంటలన్నీ ఒకటైపోతాయి, దేవుడు కనబడేది అక్కడే అన్నాడు. ఇక అప్పట్నుంచి కూతుళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని ఏ లిఫ్టెక్కినా మధ్యకు వచ్చేసరికి "ఇదిగో" అనేవాడు, ఇద్దరూ కళ్లు మూసుకోవాలి. అక్క ఒక కన్నే మూసేది. ఫైళ్లు పట్టుకుని ఎక్కిన గుమాస్తాలు, మెకానిక్కే కళ్లు మూసుకుంటున్నాడంటే ఏదో కొంప మునిగిందని గోడలు పట్టుకునేవాళ్లు.

అమ్మకు మాత్రం ఈ దేవుడితో మొదట్నుంచీ పడలేదు. మీ దేవుడికి నెలకోసారి గ్రీజు పెట్టకపోతే కీచుమంటాడు, ఇంకెవరి దేవుడూ ఇంత ఖర్చు చేయించడు అనేది. ప్రతిదానికీ వ్యతిరేకం ఉంటుందని ఆయన అన్నం ముందు కూర్చుని ఉపన్యాసం ఎత్తుకుంటే, ఈ కుర్చీకి ఏమిటి వ్యతిరేకం అని అడిగింది. కూర్చోకపోవడం అన్నాడు. అది మనిషి చేసే పని, కుర్చీకి చెప్పండి అంది. బుధవారానికి వ్యతిరేకం ఏమిటని చిన్నకూతురు అడిగితే మర్నాటిదాకా ఆలోచించి, ఆదివారం అన్నాడు, బుధవారం సెలవు లేదు, ఆదివారం ఉంది కాబట్టి. మంగళవారమూ సెలవు లేదుగా అని అక్క అందుకుంది. మంగళవారం ఇంకా పరిశీలనలో ఉందన్నాడు. ఇప్పటికీ ఉంది కాబోలు. పెద్దయ్యాక ఆమె పళ్ల పని నేర్చుకుని మొదటి సెట్టు చేసి చూపించినప్పుడు పై వరసనూ కింది వరసనూ అటూ ఇటూ తిప్పి చూసి, చూశావా, ఇక్కడా జంటే, మరి దేవుడెప్పుడు వస్తాడో చెప్పు అన్నాడు. నమిలేటప్పుడు వస్తాడు నాన్నా అంది ఆమె. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం పార్కులో తన ముగ్గురు శిష్యులకూ, ముగ్గురికీ కట్టుడు పళ్లే, ఆ మాట తన మాటగా చెప్పాడట.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆమెకు ఇంట్లో పేరు దిమ్మ. అక్క సన్నగా, చురుగ్గా, ఎక్కడికి పోయినా ముందుండేది, వెనక వచ్చిన ఈమె బొద్దుగా, నెమ్మదిగా, ఎత్తుకుంటే చెయ్యి లాగేసేది. ముద్దుగానే పెట్టాడు, ముద్దుగానే పిలిచేవాడు, అయితే పేరు పెట్టాక ఆ పేరు ఊరికే ఉండదు కదా. అక్కకు క్లాసులో ఫస్టు వచ్చిన రోజున ఈమెకు జ్వరం. ఈమెకు పరుగుపందెంలో కప్పు వచ్చిన రోజున అక్క కొత్త చెప్పులు పోయాయి. ఇద్దరికీ మంచి జరిగిన రోజున నాన్న ఇల్లంతా వెతికి, ఆఖరికి గడియారం ఆగిపోయిందని కనిపెట్టేవాడు. ఎప్పటికీ ఓడిపోని సిద్ధాంతం అది, అందుకే దాంతో వాదించడం దండగ అని ఆమెకు తెలుసు, బాగా తెలుసు. అయినా తనకు మొదటి ఉద్యోగం వచ్చిన రోజు, ఇంటికి పరుగెత్తుకొచ్చి వీధి తలుపు తోసేసరికి అక్క స్కూటరు మీంచి పడి కాలికి కట్టుతో పడుకుని ఉంది. నాన్న మంచం పక్క నిలబడి ఆమె చేతిలోని కాగితం వంకా అక్క కాలి వంకా చూశాడు, ఆ చూపు చాలింది. అప్పట్నుంచి ఆమె సంతోషాన్ని దొంగసొత్తులా దాచుకోవడం నేర్చుకుంది. మంచి మాట వినబడితే ముందు అక్కకు ఫోను చేసి, ఎలా ఉన్నావు అని కనుక్కుని, బాగానే ఉన్నానే అన్నాకనే తను కాస్త, గుట్టుగా, పావువంతు సంతోషపడేది. నమ్మకం లేకపోయినా భయం ఉండగలదని ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

ఇప్పుడు ఆ అక్కే ఈ ఆసుపత్రి పై అంతస్తులో ఆపరేషన్ బల్ల మీద ఉంది. చెవి కింద గడ్డ. చెడ్డది కాదన్నారు, కానీ తీసి తీరాలన్నారు, మొహాన్ని కదిపే నరం సరిగ్గా దాని లోపల్నుంచే పోతోందన్నారు. నరానికి ఏమైనా అయితే పెదవి ఒక పక్కకు జారిపోవచ్చు, నవ్వు వంకర కావచ్చు, పెదవులు కలిపి పలికే అక్షరాలు తప్పిపోవచ్చు. ఇంకొకరికైతే అందానికి సంబంధించిన మాట అది. అక్క చెవిటి పిల్లల బడిలో టీచరు. పిల్లలు ఆమె పెదవులు చూసి మాటలు నేర్చుకుంటారు, ఆమె ప అంటే ప, మ అంటే మ, వాళ్లకున్న పలకా పుస్తకమూ ఆ నోరే. డాక్టరు ఇదంతా బొమ్మ గీసి చెబుతుంటే, నోటి ఒక చివర పైకి, ఒక చివర కిందికి అని చెప్పగానే నాన్న మొహం వెలిగిపోయింది, ముప్పై ఏళ్లకు పైగా వెతుకుతున్న సాక్ష్యం దొరికినవాడిలా. ఆ మరుక్షణమే అది ఎవరి నోరో గుర్తొచ్చింది కాబోలు, ఆ వెలుగు అలాగే మొహం మీదే చచ్చిపోయింది.

ఇంతకీ ఆమె ఈ లిఫ్టులో కళ్లు మూసుకుని మోసుకుపోతున్న దొంగసొత్తు వేరే ఉంది. ఆమె పనిచేసే చోటికి దవడ అచ్చులు పోయడానికి ప్లాస్టరు బస్తాలు తెచ్చే ఆయన ఉన్నాడు, ఏ చొక్కా వేసుకున్నా భుజం మీద తెల్లటి మరక ఉండే మనిషి, బస్తా దించి రసీదు ఇచ్చి వెళ్లిపోవాల్సింది పోయి, నీళ్లు అడిగి, ఆమె చేసిన పళ్లను వెలుతురుకు పెట్టి చూసి, ఇవి నవ్వుతున్నాయండీ అనే మనిషి. ఏళ్లుగా అంటున్నాడు. అక్క ఆయన్ని చూసిన మొదటి రోజే, ఆ ప్లాస్టరు ఎప్పుడు గట్టిపడుతుందే అని ఏడిపించింది. ఇవాళ పొద్దున్న తన వ్యానులోనే ఆసుపత్రికి దింపి, దారిలో సిగ్నలు దగ్గర, స్టీరింగు వంక చూస్తూ, మనం పెళ్లి చేసుకుందామా అని అడిగాడు. ఆమె గుండెలో ఏదో ఒక్కసారిగా లేచింది, ఆ లేవడమే ఆమెను భయపెట్టింది. ఇవాళ కాదు, ఇవాళ మాత్రం వద్దు, రేపు అడగండి అంది. ఆయన ఎందుకని అడగలేదు, కింద హాల్లో ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నాడు. ఎలా చెబుతుంది, మా అక్క కిందికి జారిపోతుందేమోనని నేను పైకి రావడం లేదండీ అని చెబితే పగలబడి నవ్వరూ.

కళ్లు తెరిచింది. అప్పుడు గానీ ఆగిపోయిన సంగతి బుర్రకెక్కలేదు. మీటలు నొక్కింది, పలకలేదు. సరిగ్గా మధ్యలో, ఎక్కడైతే చిన్నప్పట్నుంచి కళ్లు మూసుకుందో అక్కడ, మొట్టమొదటిసారి కళ్లు తెరుచుకుని నిలబడి ఉంది. వెనక గోడలో గాలి కోసం పెట్టిన సన్నటి సందులున్నాయి, ఫోను దీపం వేసి వాటిలోంచి చూసింది. జానెడు ఎడంలో, ఆమె భుజానికి సమంగా, ఇనుప దిమ్మలు. ఒకదాని మీద ఒకటి, నల్లగా, జిడ్డుగా, దుమ్ము కొట్టుకుని, వాటి మూలన ఒక సాలెగూడు, ఆ గూట్లో ఎవరో జారవిడిచిన చాక్లెట్టు కాగితం. ఇదన్నమాట ఆ లిప్త. జంటలన్నీ ఒకటయ్యే చోటు. దేవుడు చాక్లెట్టు తిని కాగితం ఇక్కడే పారేసి పోయాడన్నమాట. ఆమెకు నవ్వొచ్చింది, ఒంటరిగా, చీకటి గొట్టంలో వేలాడుతున్న పెట్టెలో కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఇంకోటి గమనించింది. ఆ దిమ్మలు అక్కడున్నాయి. తను ఇక్కడుంది. ఎంత చిన్న సంగతి. దిమ్మా దిమ్మా అని పిలిపించుకుని, తీగకు ఆ కొసనే తనుందని అనుకుంటూ ఇన్నేళ్లు గడిపింది గానీ, లిఫ్టెక్కిన ప్రతిసారీ తను ఎక్కింది పెట్టెలోనే కదా. అక్క పక్కనే కదా.

గోడకున్న ఇంటర్‌కం నొక్కింది. కింద వాచ్‌మన్ పలికాడు, ఏమీ కంగారు పడకండమ్మా, పైన మోటారు గదిలో ఎవరో మెయిన్ ఆపేసి లోపల గడియ పెట్టుకున్నారు, ఎవరో ఏమిటో తెలియడం లేదు, మనిషిని పంపాను అన్నాడు. ఎవరో ఏమిటో ఆమెకు ఆ క్షణమే తెలిసిపోయింది. ఈ పాత లిఫ్టు బిగించింది నాన్నే, అప్పటికి ఆయన జుట్టు నల్లగా ఉండేది, మోటారు గది తాళంచెవి ఇంకా ఆయన గుత్తిలోనే ఉంది. తీగల మీద రంగుతో పెట్టిన గుర్తులు చూసి పెట్టె ఏ అంతస్తులో ఉందో చెప్పేస్తాడు, అలాంటిది సగంలో ఆపడం ఆయనకు ఎంతసేపు. ఈ భూమ్మీద లిఫ్టును సరిగ్గా సగంలో ఆపాలనే కోరిక ఉన్న మనిషి ఇంకొకడు ఉండడు. ఆమె ఇంటర్‌కం మీదున్న మోటారు గది మీట నొక్కి పట్టుకుంది. చాలాసేపటికి గరగరమంది.

"ఎవరూ?"

"నేనే నాన్నా."

"నువ్వెక్కడ్నుంచి మాట్లాడుతున్నావు?"

"నువ్వు ఆపిన చోటు నుంచే."

ఆయన చాలా చిన్న గొంతుతో, "ఖాళీగా ఉందనుకున్నానమ్మా" అన్నాడు. అని, పిల్లవాడు తప్పు ఒప్పుకున్నట్టు గబగబా చెప్పుకొచ్చాడు. అక్క బల్ల మీద ఉన్నంతసేపు పెట్టెనూ దిమ్మల్నీ సమంగా నిలబెట్టేస్తే ఎవరూ పైకి పోరు, ఎవరూ కిందికి రారు, నోటి రెండు చివరలూ ఉన్నచోటే ఉంటాయి అనుకున్నాడట. బయట జనం కోసం ఇంకో రెండు లిఫ్టులున్నాయి, ఈ పాతదాంట్లో ఎవరూ ఎక్కరులే అనుకున్నాడట. ఆయన ఇలా భయపడగా ఆమె ఎప్పుడూ వినలేదు. ఈ సిద్ధాంతమంతా, ఈ చక్రాలూ తీగలూ అన్నీ, భయపడిన మనిషి గట్టిగా పట్టుకున్న కమ్మీ తప్ప ఇంకేమీ కాదని తెలిసి ఆమెకు జాలి వేసింది. జాలి వేసినంత మాత్రాన కోపం పోలేదు, రెండూ ఉన్నాయి, పక్కపక్కనే, హాయిగా.

"లిఫ్టు వెయ్యి నాన్నా."

"కాసేపు ఓర్చుకో దిమ్మా. లోపల ఇంకా అవ్వలేదు. ఈ టైములో నువ్వు పైకొస్తే..."

ఆయన ఆపేశాడు. అక్కర్లేదు, మిగతాది ఆమెకు చిన్నప్పట్నుంచీ కంఠస్థమే. ఇదివరకైతే సరేలే అని గోడకు ఆనుకుని కూర్చునేది, ఎంతసేపైనా కూర్చునేది, అక్క కోసం కదా అనుకునేది. అక్క వింటే చెంప పగలగొట్టేది. ఎప్పుడైనా అడిగిందా అక్క, నా కోసం కింద ఉండవే అని? తనకు కప్పు వచ్చినప్పుడు చెప్పులు పోయిన కాళ్లతో గంతులేసింది, ఉద్యోగం కాగితం తెచ్చినప్పుడు కట్టు కాలు మంచం మీంచి దించి, నన్ను లేపవే, నిన్ను కౌగిలించుకోవాలి అంది. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎలా మరిచిపోయింది? నాన్న చూపే గుర్తు పెట్టుకుని అక్క చేతులు మరిచిపోయింది.

"నాన్నా, దిమ్మలు నా వెనక ఉన్నాయి. ఇప్పుడే చూశాను. నేను పెట్టెలో ఉన్నాను" అంది. "అక్కా నేనూ మొదట్నుంచీ ఒకే పెట్టెలో ఉన్నాం. పైకొస్తే ఇద్దరం వస్తాం. ఇంకో మాట విను. ప్లాస్టరాయన్ని నేను పెళ్లి చేసుకుంటున్నాను. అక్క సంగతి తెలిసేదాకా ఆగను, ఇప్పుడే సరే అంటున్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది."

ఇంటర్‌కంలో ఎవరో గొంతు సవరించుకున్నారు. అది నాన్న గొంతు కాదు. "అమ్మా, లైను అందరికీ ఒకటేనండి, తప్పుగా అనుకోకండి" అన్నాడు వాచ్‌మన్. "మీతో వచ్చిన ఆ భుజం మీద తెల్ల మరకాయన ఇక్కడే ఉన్నారు. చెప్పమంటారా?"

"చెప్పండి" అంది ఆమె.

కింద ఎక్కడో ఫ్లాస్కు పడి దొర్లిన చప్పుడు, ఎవరో నవ్విన చప్పుడు వినబడ్డాయి. పైన నాన్న ఆ చక్రం ముందు నిలబడి ఉంటాడు, చెయ్యి మెయిన్ మీద పెట్టి. వేస్తాడా, వెయ్యడా? వెయ్యకపోయినా ఆమె తన మాట వెనక్కి తీసుకోదు, ఆ సంగతి ఆమెకు ఖాయంగా తెలుసు, అంత ఖాయంగా ఏదీ ఎప్పుడూ తెలియలేదు. అప్పుడు ఠక్కుమని చప్పుడైంది, పెద్ద దీపం వెలిగింది, పెట్టె కదిలింది. సందుల వెనక దిమ్మలు కిందికి దిగిపోయాయి. పోనీ, వాటి పని అవి చేసుకోనీ అనుకుంది. కళ్లు మాత్రం మూయలేదు. భయం పోయిందా అంటే పోలేదు, అన్నాను, అనేశాను, ఇప్పుడు అక్క నోరు జారిపోయి ఉంటే నన్ను నేను ఎలా చూసుకోను అనే ఉంది, అయినా ఆ భయం పక్కన సంతోషం నిండుగా కూర్చుంది, ఈసారి పావువంతు కాదు.

తలుపులు తెరుచుకునేసరికి అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది, తెలివొచ్చింది, పిలుస్తున్నారు, ఈయనగారు ఏరీ అంది. నాన్న మెట్లు దిగి వచ్చాడు, చేతులకు గ్రీజు, డ్యూటీ దిగినవాడిలా, ఎవరి మొహమూ చూడకుండా. ముగ్గురూ లోపలికి వెళ్లారు. అక్క మంచం మీద చెవి నుంచి గడ్డం దాకా కట్టుతో, మత్తుకళ్లతో ఉంది. డాక్టరు వంగి, నవ్వమ్మా, పళ్లు కనబడేలా ఒకసారి నవ్వు అంటున్నాడు. అక్క ఆయన్ని ఏదో అమ్మడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. చెప్పగానే నవ్వడానికి ఆమెకు నవ్వు రావాలి కదా. డాక్టరు మళ్లీ అన్నాడు. నాన్న మంచం కమ్మీ పట్టుకుని నేల చూస్తున్నాడు. చెల్లెలు ముందుకు వంగి, కట్టు లేని చెవిలో, "ప్లాస్టరు గట్టిపడిందే అక్కా. సరే అన్నాను" అంది.

అక్క కళ్లు ముందు మేలుకున్నాయి. తర్వాత మంచి పక్క పెదవి చివర పైకి లేచింది. రెండో పక్క కదల్లేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కట్టు అంచున చర్మం కాస్త వణికింది, ఆగింది, మళ్లీ వణికింది, ఆ చివర కూడా లేచింది, మెల్లగా, మొండిగా, మొదటిదాని ఎత్తుకు వచ్చేదాకా లేచింది. రెండు చివరలూ పైనే ఉన్నాయి. డాక్టరు బాగుందని చెప్పి అవతలి మంచం దగ్గరికి వెళ్లాడు. నాన్న తలెత్తి చూశాడు, చూసి, వెంటనే కింద చూశాడు, పైకప్పు చూశాడు, గోడ గడియారం చూశాడు. "ఏం వెతుకుతున్నారండీ, ఏదీ పడిపోలేదు" అంది అమ్మ. ఆయన గ్రీజు చేతుల్తోనే మొహం కప్పుకుని ఏడ్చాడు. చెల్లెలు నవ్వుతోంది, ఏడుస్తోంది, అక్క చెయ్యి వదలడం లేదు. అక్క గొంతు ఇంకా రాలేదు. అందుకని తన క్లాసులో చెప్పినట్టే చెల్లెలి వైపు మొహం తిప్పి, వెలుతురు తన నోటి మీద పడేలా చూసుకుని, పెదవులు నిండుగా కలిపి, విడదీసి, మళ్లీ కలిపి, "పెళ్లెప్పుడే" అంది, చివరి బెంచీ మీద కూర్చున్న పిల్లకైనా తెలిసిపోయేంత స్పష్టంగా.